బీరువాలో డిక్రీ

కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున సూర్యలంకలో ఇసుక కనపడదు, తలలే కనపడతాయి. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్ల రోడ్డూ ఆటోలతో, ట్రాక్టర్లతో, నడిచేవాళ్లతో నిండిపోతుంది. అంతమంది వచ్చే చోట నీడకు షామియానాలు కావాలి, కూర్చోడానికి కుర్చీలు కావాలి, మైకు కావాలి, కరెంటు పోతే జనరేటరు కావాలి. మా బావమరిదికి బాపట్లలో సప్లయ్ కొట్టు ఉంది. ఒక ఏడాది కార్తీకానికి తెనాలి నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. ఒడ్డున మూడు రోజుల కార్యక్రమం పెడుతున్నాం, సామానంతా నువ్వే వెయ్యాలన్నాడు. బిల్లు 62,000 రూపాయలు. 20,000 అడ్వాన్సు చేతిలో పెట్టాడు. మిగతా 42,000 కార్యక్రమం అయిన మర్నాడే ఇస్తానన్నాడు. ఆ మర్నాడు రావడానికి నాలుగేళ్లు పైన పట్టింది.

నేను ప్లీడరు గుమాస్తాని. బాపట్ల కోర్టు వరండాలో దాదాపు నలభై ఏళ్లు కాగితాల కట్టలు మోశాను. నాకు చట్టం చదువు లేదు, చట్టంతో కాపురం మాత్రం ఉంది. బావమరిది దావా కాబట్టి నోటీసు దగ్గర్నుంచి నేనే దగ్గరుండి చూసుకున్నాను. రెండున్నరేళ్లకు డిక్రీ వచ్చింది. అసలు, అప్పటిదాకా వడ్డీ, ఖర్చులు అన్నీ కలిపి 60,000 దాకా తేలింది. వాడు మిఠాయి పొట్లం పట్టుకొచ్చి వరండాలోనే అందరికీ పంచాడు. పంచడం అయ్యాక నా పక్కకొచ్చి, "బావా, మన డబ్బు ఎప్పుడిస్తారు?" అని అడిగాడు.

"ఎవరురా ఇచ్చేది?" అన్నాను.

"కోర్టువాళ్లు."

నవ్వకండి. నలభై ఏళ్లలో ఆ మాట నేను వందసార్లు విన్నాను. గెలిస్తే కోర్టు ఓడినవాడి దగ్గర వసూలు చేసి మన చేతిలో పెడుతుందని చదువుకున్నవాళ్లు కూడా అనుకుంటారు. డిక్రీలో ఉండేది ఒక్క ముక్క: ప్రతివాది వాదికి ఇంత సొమ్ము చెల్లించాలి. అతను చెల్లించకపోతే కోర్టు తనంతట తాను కుర్చీలోంచి లేవదు. గెలిచినవాడు మళ్లీ ఒక దరఖాస్తు పెట్టుకోవాలి. దాన్నే ఎగ్జిక్యూషన్ పిటిషన్ అంటారు, మా వరండా భాషలో ఇ.పి. అందులో ఎదుటివాడికి ఏ ఆస్తి ఎక్కడ ఉందో, దేన్ని పట్టుకోమంటున్నామో మనమే రాయాలి. ఆస్తిని వెతకడం కోర్టు పని కాదు, గెలిచినవాడి పని. ఈ సంగతి దావా వేయకముందే తెలిసినవాడికి డబ్బొస్తుంది. మిఠాయిలు పంచాక తెలిసినవాడికి వాయిదాలొస్తాయి.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడని మన పెద్దలు ఊరికే అనలేదు. లండన్లో కూర్చున్న ప్రివీ కౌన్సిల్ జడ్జీలు కూడా 1872లో బీహారులోని దర్భంగా రాజావారి కేసులో ఇదే గ్రహించారు. ఈ దేశంలో దావాదారు కష్టాలు డిక్రీ చేతికొచ్చాకే మొదలవుతాయన్నది వారి మాటల సారం. 2021లో సుప్రీంకోర్టు ఇ.పి.లను ఆరు నెలల్లో తేల్చాలని చెప్పింది. 2025 మార్చిలో మళ్లీ చెప్పింది, హైకోర్టులను లెక్కలడిగింది. ఆ అక్టోబరుకు వచ్చిన లెక్క ప్రకారం దేశమంతా కలిపి 8 లక్షల 82 వేలకు పైగా ఇ.పి.లు మూలుగుతున్నాయి. ఆ మార్చి నుంచి ఆరు నెలల్లో 3 లక్షల 38 వేలకు పైగా తేల్చారని కూడా అదే లెక్క చెప్పింది. కదలిక వచ్చిందనే అనుకుందాం.

ఆలస్యానికి జడ్జీల కొరత ఒక కారణం. నేను చూసిన కారణం ఇంకొకటుంది. బయట మన వైపు అప్పు పుట్టాలంటే నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. డిక్రీ అయ్యాక మామూలు బాకీ మీద కోర్టు వేసే వడ్డీ ఏడాదికి ఆరు శాతానికి మించదు. వ్యాపార లావాదేవీ అయితే జడ్జిగారు ఎక్కువ వేయొచ్చు, వేయకపోవచ్చు. ఇప్పుడు బాకీదారు వైపు నుంచి చూడండి. మన 60,000 అతని దగ్గరే ఉంటే ఆరు శాతానికి అప్పు దొరికినట్టే. అంత చౌక అప్పు తెనాలి బజారంతా తిరిగినా దొరకదు. అలాంటప్పుడు వాయిదా అడగడానికి అతని ప్లీడరుకు జ్వరం రావడంలో వింతేముంది?

ఇక మా వేట సంగతి. డిక్రీ బాపట్ల కోర్టుది, మనిషి తెనాలివాడు. బాపట్ల కోర్టు హద్దుల్లో అతనికి గుండుసూది కూడా లేదు. అందుకని డిక్రీని తెనాలి కోర్టుకు పంపమని ముందు ఇక్కడ దరఖాస్తు పెట్టాం. డిక్రీ నకలు, బాకీ ఇంకా వసూలు కాలేదన్న సర్టిఫికెట్టు ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లాలి. అదెంత దూరం? రైలెక్కితే గంట ప్రయాణం. ఆ కాగితాలకు మాత్రం నాలుగు నెలలు పట్టింది. తెనాలిలో ఇ.పి. వేసి, చరాస్తి జప్తుకు కోర్టు ఖర్చు, అదే బత్తా, కట్టి, జప్తు చేయడానికి వెళ్లే కోర్టు ఉద్యోగి అమీనా వెంట మేమిద్దరం వెళ్లాం.

అమీనా అంటే చాలామందికి హడలు. నిజానికి ఆయన చేతులు కట్టేసి ఉంటాయి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం ముందు ఇంట్లోకి వెళ్లకూడదు. వీధి తలుపు ఊరికే పగలగొట్టకూడదు. లోపలికి వెళ్లాకైనా ఏది పడితే అది ముట్టుకోకూడదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 60వ సెక్షనుంది. బాకీదారు, అతని భార్యాబిడ్డలు కట్టుకునే బట్టలు, వంటగిన్నెలు, మంచాలు, పరుపులు జప్తు చేయకూడదు. మతాచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీంచి తీయకూడని నగలు, అంటే మంగళసూత్రంలాంటివి, ముట్టుకోకూడదు. చేతిపనివాడి పనిముట్లు, రైతు నాగలి, బతుకుతెరువుకు అవసరమైన పశువులు, విత్తనాలు వదిలేయాలి. రైతు, కూలీ కాపురముండే సొంతిల్లు వదిలేయాలి. కూలీ డబ్బులు, ప్రావిడెంట్ ఫండు, ప్రభుత్వ పింఛను, జీవితబీమా సొమ్ము, ఇవేవీ మనవి కావు.

ఆ జాబితా చదివితే మా బావమరిదికి ఒళ్లు మండిపోయింది. నాకు మండదు. ఆ సెక్షను లేకపోతే ఏమవుతుందో మా గురువుగారు చెప్పిన కథల్లో విన్నాను. పాతకాలంలో జొన్నకంకులు కల్లంలో ఉండగానే షావుకారు బండి వచ్చేదట. అప్పు పుస్తకంలో అసలు కంటే వడ్డీ మీద వడ్డీయే ఎక్కువ ఉండేదట. అందుకే 1938లో మద్రాసు రాజధానిలో రాజాజీ ప్రభుత్వం రైతుల బాకీలను కుదిస్తూ చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని కొట్టేసింది. మళ్లీ 1977లో మన రాష్ట్రంలోనే చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవాళ్ల అప్పులను రద్దు చేస్తూ ఇంకో చట్టం వచ్చింది. చేతిలో డిక్రీలున్నవాళ్లు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. ఆ చట్టాలకు కారణం లేకపోలేదు. అప్పిచ్చినవాడి చేతికి అడ్డూ ఆపూ లేని రోజులు అంతకుముందు మనం చూసి ఉన్నాం.

ఇంకా వెనక్కి వెళ్తే వింతలున్నాయి. మన చినగంజాం దగ్గర మోటుపల్లి ఉంది. కాకతి గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన రేవు అది. 13వ శతాబ్దం చివర వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఈ ప్రాంతం గురించి రాశాడు. ఆయనే ఇంకాస్త దక్షిణాన, తమిళదేశంలో, అప్పు వసూలు చేసే ఆచారం ఒకటి చూశాడు. ఎన్నిసార్లడిగినా ఇవ్వనివాడి చుట్టూ అప్పిచ్చినవాడు నేల మీద ఒక గీత గీస్తే, బాకీ తీర్చకుండా, కనీసం పూచీ అయినా ఇవ్వకుండా అతను ఆ గీత దాటకూడదు. ఒక విదేశీ వర్తకుడు సాక్షాత్తూ అక్కడి రాజు గుర్రం చుట్టూ గీత గీశాడట. వర్తకుడి సొమ్ము ముట్టేదాకా రాజు కదల్లేదట. ఈ మాట నేను బార్ రూములో చెబితే ఒక ప్లీడరుగారు, "ఇప్పుడా గీత గీస్తే బాకీదారు స్టే తెచ్చుకుంటాడయ్యా" అన్నారు.

ధర్నా అన్న మాట కూడా ఈ బాపతే. ఇవాళ కలెక్టరాఫీసు ముందు చేసేది కాదు, అసలు ధర్నా అంటే అప్పిచ్చినవాడు బాకీదారు గుమ్మంలో పస్తుండి కూర్చోవడం. పస్తున్నవాడికి ఏమన్నా అయితే ఆ పాపం ఇంటివాళ్లకు చుట్టుకుంటుందని భయం. 1860 నాటి శిక్షాస్మృతి 508వ సెక్షనులో దాన్ని నేరంగా పెట్టి, గుమ్మంలో ధర్నా కూర్చోవడాన్నే ఉదాహరణగా చూపించారు. మీ గీతలూ మీ ధర్నాలూ మానండి, మా దగ్గరికి రండి, మేం వసూలు చేయిస్తామని ప్రభుత్వం అన్నట్టే గదా. అన్నాక ఆ పని చేసిపెట్టాలి గదా అని నా బోటిగాడి గొణుగుడు.

తెనాలి ఇంట్లోకి వద్దాం. అమీనా లోపలికి వెళ్తే కాంట్రాక్టరు భార్య మంచినీళ్లు తెచ్చి, "అన్నయ్యగారూ, టీవీ మా నాన్న పెట్టింది, ఫ్రిజ్ మా అన్న పేరున ఉంది" అని రసీదులు చూపించింది. ఇల్లు ఆమె పేరునే ఉంది. వ్యాను, పెద్ద జనరేటరు కనపడలేదు. రేపల్లెలో అతని తోడల్లుడి పెరట్లో ఉన్నాయని వీధి చివర కిళ్లీకొట్టు అతను చెప్పాడు. రేపల్లె వెళ్లాం. అవి తోడల్లుడే కొనుక్కున్నట్టు కాగితం సిద్ధంగా ఉంది. జప్తు చేసిన వస్తువు తనదని మూడోమనిషి వస్తే కోర్టు విచారించి తేలుస్తుంది, దాన్ని క్లెయిం పిటిషనంటారు. బాకీ ఎగ్గొట్టడానికే దొంగ బదిలీ చేశారని రుజువు చేస్తే ఆ కాగితం చెల్లదు. కానీ రుజువు చేయడమంటే ఇంకో చిన్న దావా. మా వాడు రేపల్లె బస్టాండులో బెంచీ మీద కూలబడి, "గోడకు కొట్టిన సున్నం బావా" అన్నాడు.

ఇక్కడో మాట చెప్పాలి. దావా వేసేటప్పుడే, ఎదుటివాడు ఆస్తి అమ్మేస్తున్నాడనో, దాచేస్తున్నాడనో అనుమానానికి ఆధారముంటే, తీర్పుకు ముందే జప్తు కోరవచ్చు. ఉత్త అనుమానం చాలదు, ఆధారం చూపాలి. అలా జప్తయిన ఆస్తిని అతను ఆ తర్వాత అమ్మినా మన డిక్రీ ముందు ఆ అమ్మకం నిలవదు. వ్యాను అమ్మకానికి పెట్టాడని మాకు దావా రోజుల్లోనే తెలుసు. నేనే పట్టించుకోలేదు. 42,000 దావాకు ఇంకో పిటిషనెందుకు, ఖర్చెందుకు అనుకున్నాను. నలభై ఏళ్ల గుమాస్తాగిరీ చేసి సొంత ఇంట్లో చేసిన పొరపాటది.

ఉద్యోగస్తుడైతే పని సులువు. జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు వదిలేయాలి. జీతంగా లెక్కకొచ్చే మొత్తం 31,000 అనుకోండి. వెయ్యి పోగా 30,000, అందులో 20,000 అతనికి, 10,000 మనకు. జీతమిచ్చే ఆఫీసే నెలనెలా కోసి కోర్టుకు పంపుతుంది. అయితే ఒకే డిక్రీ మీద మొత్తం 24 నెలలే కోయగలం, ఆ పైన ఆ డిక్రీకి ఆ జీతం దక్కదు. కొన్ని అలవెన్సులు అసలు లెక్కలోకి రావు. మా కాంట్రాక్టరుకు ఉద్యోగం లేదు కాబట్టి ఈ లెక్క మాకు పనికిరాలేదు.

భూమి, ఇల్లు, స్థలం అయితే సర్వే నంబరు, నాలుగు హద్దులు ఇ.పి.లో రాయాలి. సబ్ రిజిస్ట్రారాఫీసులో ఇ.సి. తీయించాలి, పొలమైతే అడంగల్, 1బి చూసుకోవాలి. ఇప్పుడు అడంగల్, 1బి మీభూమి వెబ్‌సైటులో ఇంట్లో కూర్చుని చూడొచ్చు, మా రోజుల్లో కరణంగారి చుట్టూ కాళ్లరిగేవి. జప్తు సంగతి ఆ స్థలం దగ్గర టముకు వేయించి చాటాలని చట్టంలో ఇంకా ఉంది. వేలంలో పాట నెగ్గినవాడు అక్కడికక్కడే నాలుగో వంతు కట్టాలి, మిగతాది పదిహేను రోజుల్లో. వేలమయ్యాక కూడా బాకీదారుకు ఒక తలుపు తెరిచే ఉంటుంది: అరవై రోజుల్లో బాకీ అంతా కట్టి, పాటగాడికి అతని పాట మీద ఐదు శాతం ఇస్తే వేలం రద్దవుతుంది. ఇంకో మెలిక. స్మాల్ కాజ్ దావాగా నడిచిన చిన్న బాకీ అయితే ఆ కోర్టు స్థిరాస్తిని అమ్మలేదు, డిక్రీని మామూలు సివిల్ కోర్టుకు మార్పించుకోవాలి. ఇది తెలియక ఏడాది పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

జైలు సంగతి అడుగుతారు అందరూ. "వాణ్ణి లోపలేయించండి గుమాస్తాగారూ, డబ్బు అదే బయటికొస్తుంది" అంటారు. సివిల్ జైలు ఉంది, నిజమే. డిక్రీ సొమ్ము 5,000 దాటితే మూడు నెలల దాకా పెట్టొచ్చు. కానీ ఆడవాళ్లను డబ్బు డిక్రీ మీద అరెస్టు చేయకూడదు. మగవాణ్ణయినా, ఇవ్వగలిగి ఉండి ఇవ్వడం లేదని మనమే చూపించాలి. 1980లో బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్‌గారు దీన్ని తేల్చిచెప్పారు: చేతిలో లేక ఇవ్వలేనివాణ్ణి జైల్లో పెట్టడానికి వీల్లేదు, దుర్బుద్ధి ఉండాలి. ఇంకో సంగతి వింటే మీకు కోపమొస్తుంది. జైల్లో ఉన్నన్నాళ్లూ అతని తిండి ఖర్చు ముందుగా కట్టాల్సింది డిక్రీదారే. అది తర్వాత ఖర్చుల్లో కలుస్తుంది, సరే. ఒకసారి విడుదలైతే అదే డిక్రీ మీద మళ్లీ అరెస్టు లేదు. బాకీ మాత్రం అలాగే ఉంటుంది.

సూర్యలంక పల్లెపాలెం మనిషొకతను వలల కొట్టులో ప్రోనోటు రాసి, డిక్రీ అయి, అరెస్టు నోటీసు అందుకుని కోర్టుకొచ్చాడు. మే నెల అది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అతని చేతులు సముద్రపు ఉప్పుకు పగిలి ఉన్నాయి. జడ్జిగారు కొట్టు యజమానిని పిలిచి, "సముద్రంలోకి ఎప్పుడెళ్తాడు?" అని అడిగారు. జూన్ మధ్యనన్నాడు. "అయితే జూలై నుంచి నెలకింత కట్టించుకుంటావా?" అన్నారు. డిక్రీ అయ్యాక వాయిదాల పద్ధతి పెట్టాలంటే గెలిచినవాడు ఒప్పుకోవాలి. యజమాని కాసేపు గుంజాటన పడి ఒప్పుకున్నాడు. పద్నాలుగు నెలల్లో పైసాతో సహా వచ్చింది. మూడు నెలలు జైల్లో పెట్టి ఉంటే రెండు నెలల వేట పోయేది, తిండి ఖర్చు మీద పడేది, బాకీ అక్కడే ఉండేది.

తిమ్మిని బమ్మిని చేసేవాళ్లకు ఇంకో ఆయుధముంది. ఇ.పి.కి ఎదురుగా ఐ.పి. మన గుంటూరు వైపు ఐ.పి. పెట్టాడంటే దివాలా తీశాడని పసిపిల్లలకు కూడా తెలుసు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమది, ఇప్పటికీ మన కోర్టుల్లో నడుస్తోంది. 500 రూపాయల బాకీ ఉన్నవాడైనా వేయొచ్చు. నోటీసు చూడగానే అప్పిచ్చినవాళ్లు ఇక అయిపోయిందని వదిలేస్తారు. అదే పొరపాటు. ఐ.పి. వేసినంత మాత్రాన బాకీ పోదు. ముందు కోర్టు అతన్ని దివాలాదారుగా ప్రకటించాలి. అప్పుడు అతని ఆస్తి అఫిషియల్ రిసీవరు చేతికి వెళ్తుంది. ఐ.పి. వేయడానికి ముందు రెండేళ్లలోపల ఉత్తపుణ్యానికి రాసిచ్చిన ఆస్తులను కూడా వెనక్కి లాగవచ్చు. నోటీసు వచ్చిన రోజున ప్లీడరును పెట్టుకుని ఎదురు నిలిచినవాళ్లు ఎంతోకొంత దక్కించుకున్నారు. నిజాంపట్నం వైపు రొయ్యల మేత బాకీల్లో ఇది నేను కళ్లారా చూశాను.

మా బావమరిది కథ ముగిద్దాం. తెనాలిలో పూల డెకరేషను చేసే అతనొకడు వాడికి స్నేహితుడు. అతనితో టీ తాగుతుండగా మాటల్లో తేలింది: తెనాలిలోనే ఒక కల్యాణమండపంవారు ఆ సీజను స్టేజీ పనుల తాలూకు 75,000 మా కాంట్రాక్టరుకు బాకీ ఉన్నారట. వాడు నాకు ఫోను చేసి చెబుతుంటే, వాడికి దాని విలువ తెలియలేదు, నాకు తెలిసింది. బాకీదారుకు ఇంకొకరి దగ్గర్నుంచి రావలసిన సొమ్మును మనం పట్టుకోవచ్చు. ఆ ఇంకొకరిని గార్నిషీ అంటారు. "ఈ డబ్బు అతనికివ్వకు, కోర్టులో కట్టు" అని నోటీసు వెళ్తుంది. కట్టాడా, అతని బాకీ తీరినట్టే. కట్టకుండా, కోర్టుకూ రాకుండా ఊరుకుంటే అతని మీదే డిక్రీ ఉన్నట్టు వసూలు చేయొచ్చు. కల్యాణమండపం యజమాని నోటీసందిన వారంలో పరుగున వచ్చాడు. ఆయనకు ఎవరికి కట్టినా ఒకటే, కోర్టుతో పేచీ వద్దు. మా డిక్రీ మొత్తం, వడ్డీ, ఖర్చులతో సహా కోర్టులో కట్టేశాడు. చెక్కు పిటిషను పెట్టి డబ్బు తీసుకోవడానికి ఇంకో రెండు నెలలు పట్టిందనుకోండి. ఆరు నెలలు అమీనా వెంట తిరిగి రానిది ఒక టీకొట్టు కబురుతో వచ్చింది.

అలాంటి స్నేహితుడు అందరికీ ఉండడు. అప్పుడు బాకీదారునే కోర్టుకు పిలిపించి, నీ ఆస్తులేమిటో ప్రమాణపూర్వకంగా చెప్పమని అడిగించవచ్చు. కోర్టు అఫిడవిట్టు వేయమన్నాక వేయకపోతే దానికీ మూడు నెలల దాకా జైలుంది. ఈ దరఖాస్తు ఎవరో గాని వేయరు. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

బాకీ ఉన్నవాళ్లు కూడా ఈ ప్రసంగం వింటూ ఉంటారు. వాళ్లకొక మాట. డిక్రీ అయ్యాక కోర్టు బయట చేతికి డబ్బిస్తే, అది ముప్పై రోజుల్లోపల కోర్టులో నమోదు చేయించుకోండి. రసీదుందిలే, పెద్దమనిషి సాక్ష్యముందిలే అనుకోవద్దు. కోర్టు రికార్డుకెక్కని చెల్లింపును ఇ.పి. నడిపే కోర్టు లెక్కలోకి తీసుకోదు. ఒకే బాకీ రెండుసార్లు కట్టినవాళ్లున్నారు. ఇద్దరూ రాజీకి వస్తామంటే లోక్ అదాలత్ ఉంది. అక్కడి అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు లేదు, పెండింగు దావాలో కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ప్లీడరును పెట్టుకునే స్తోమత లేనివాళ్లు, ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీలు న్యాయ సేవాధికార సంస్థను అడగండి. ఫోను నంబరు 15100, డబ్బులు పడవు.

చివరగా తేదీల సంగతి. ప్రోనోటుకు మూడేళ్లని మనవాళ్లందరికీ తెలుసు. మూడేళ్లు దాటేలోపు నోటు వెనక చెల్లు రాయిస్తే మళ్లీ మూడేళ్లు వస్తాయి, లేకపోతే కాలదోషం పడుతుంది. డిక్రీకి గడువు పన్నెండేళ్లు. పాతచట్టంలో మూడేళ్లకోసారి ఇ.పి. వేసి దాన్ని బతికించుకోవాల్సి వచ్చేది. 1963 చట్టం వచ్చాక ఆ బాధ పోయింది. కానీ ప్రోనోటు అలవాటు కొద్దీ కొంతమంది, మధ్యలో ఐదొందలో వెయ్యో పుచ్చుకుని చెల్లు రాయించుకుని, డిక్రీకి మళ్లీ పన్నెండేళ్లు వచ్చాయని ధీమాగా ఉంటారు. రావు. డిక్రీ బాకీకి చెల్లుతో గడువు పెరగదు. పన్నెండేళ్లు దాటిన మర్నాడు కోర్టుకెళ్తే ఆ కాగితం దేనికీ పనికిరాదు.

బీరువాలో బట్టల కింద డిక్రీ నకలు పెట్టుకుని, ఎప్పటికైనా ఇస్తాడులే అనుకుంటున్నవాళ్లు ఈ రాత్రికి దాన్ని బయటికి తీసి తేదీ చూడండి. పదకొండో ఏడు నడుస్తుంటే రేపు పొద్దున్నే మీ ప్లీడరుగారి దగ్గరికి వెళ్లండి. వెళ్లేముందు దార్లో ఎక్కడన్నా ఆగి ఒక టీ తాగండి, మీ బాకీదారుకు ఎవరెవరు బాకీ ఉన్నారో అడగండి.